బలం పెంచే ముందు అడ్డు వెతకండి

ఆగిపోయినది ఏదైనా కంటపడగానే మన ఆలోచన ముందు బలం మీదకే పోతుంది. పిల్లవాడికి లెక్కలు రాకపోతే ఇంకో ట్యూషన్ పెడతాం. ఆఫీసులో పని కదలకపోతే ఇంకో రెండు గంటలు కూర్చుంటాం. ఎక్కడ పట్టేసిందో చూడకముందే ఎంత జోడించాలా అని లెక్కవేసుకుంటాం. ఈ అలవాటు తప్పని చెప్పే మాటలు చాలామంది చాలాసార్లు విన్నారు, అయినా అది పోదు. ఎందుకంటే అది ఆలోచనలో కన్నా చేతుల్లో ఎక్కువగా ఉంటుంది. చేతుల్లో ఉన్నదాన్ని మార్చాలంటే చేతులతో చేసే పనే కావాలి. తొందరపడితే పాడైపోయేది, నిదానంగా చూస్తే తన లోపాన్ని తానే చూపించేది అయిన వస్తువు ఒకటి ముందు పెట్టుకుని కొన్ని వారాలు దానితో గడపాలి. అందుకోసం ఈ అధ్యాయంలో తీసుకున్న వస్తువు, అమెరికాలో నూరేళ్ళకు పైబడిన కాలం కిందట తయారైన ఎలక్ట్రిక్ గడియారం. తనకు తానే కీ ఇచ్చుకునే గడియారం. దాన్ని తిరిగి నడిపించడం నేర్చుకున్నవాళ్ళకు అడ్డును వెతకడం అలవాటవుతుందని నా వాదన. ఆ వాదన నిలుస్తుందో లేదో తేలాలంటే గడియారం లోపలికి వెళ్ళాలి.

1883 నవంబర్ 18న అమెరికా రైల్వేలు ఊరూరికీ వేరువేరుగా ఉన్న స్థానిక సమయాలను వదిలేసి ప్రామాణిక కాలమండలాలకు మారాయి. ఆ తర్వాత స్టేషన్లకూ బ్యాంకులకూ ఆఫీసులకూ ఒకే సమయం చూపించే గడియారాల అవసరం బాగా పెరిగింది. ఎనిమిది రోజులకోసారి కీ ఇవ్వాల్సిన గడియారాలు వందల సంఖ్యలో ఉంటే, కీ ఇవ్వడానికే మనుషుల్ని పెట్టాలి. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట మరిచిపోతారు. చెస్టర్ పాండ్ 1886లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన సెల్ఫ్ వైండింగ్ క్లాక్ కంపెనీ ఈ చిక్కును విడదీసింది. గడియారం పెట్టెలోనే రెండు బ్యాటరీ సెల్లులు, ఒక చిన్న మోటారు పెట్టి, గంటకోసారి స్ప్రింగును అదే చుట్టుకునేలా చేసింది. దీనికి వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ సంస్థ తోడైంది. వాషింగ్టన్‌లోని నౌకాదళ వేధశాల సమయాన్ని టెలిగ్రాఫ్ తీగ మీద గంటగంటకూ పంపి, అద్దెకిచ్చిన గడియారాల ముళ్ళను సరిదిద్దే సేవను అది దశాబ్దాల పాటు నడిపింది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో విచారణ కౌంటర్ మీద ఉండే ప్రసిద్ధమైన నాలుగు ముఖాల గడియారానికి కూడా ఈ కంపెనీతో సంబంధం ఉంది.

దీని పని తీరు తెలుసుకుంటే మిగతాదంతా తేలిక. పళ్ళ చక్రాలనూ లోలకాన్నీ నడిపేది కరెంటు కాదు, స్ప్రింగే. ఈ ఒక్క విషయం తెలియకనే చాలామంది పొరబడతారు. పేరులో ఎలక్ట్రిక్ ఉంది కాబట్టి ఆగితే కరెంటు లోపమే అనుకుంటారు. నిజానికి గంటలో యాభై తొమ్మిది నిమిషాలకు పైగా కరెంటుకు అందులో పనే లేదు. గంట గడిచేసరికి చక్రాల కదలికతోనే ఒక స్విచ్చు మూసుకుంటుంది. అప్పుడు కాయిల్‌లోకి కరెంటు వస్తుంది, అయస్కాంతం ఒక ఇనుప ముక్కను లాగుతుంది, లాగగానే ఆ కదలికే సర్క్యూట్‌ను తెంపేస్తుంది, ముక్క వెనక్కి వస్తుంది, మళ్ళీ సర్క్యూట్ కలుస్తుంది. పాతకాలపు కాలింగ్ బెల్లు గణగణ మోగేది సరిగ్గా ఈ సూత్రం మీదనే. కంపెనీ తొలి గడియారాల్లో గుండ్రంగా తిరిగే మోటారు ఉండేది. తర్వాత ఎక్కువగా వచ్చింది ఈ కంపించే రకం. ఒక్కో కంపనానికీ పళ్ళ చక్రం కొంచెం ముందుకు జరుగుతుంది. గంట సేపట్లో స్ప్రింగు ఎంత సడలిందో అంత చుట్టుకోగానే స్విచ్చు విడిపోతుంది.

ఇంత చిన్న చుట్టుతో లాభం ఏమిటి? కీ ఇచ్చిన మొదటి రోజు స్ప్రింగు లాగినంత గట్టిగా ఎనిమిదో రోజు లాగదు. ఆ తేడా లోలకం ఊపు మీద పడుతుంది, ఊపు మారితే సమయం కొద్దిగా మారుతుంది. గంటకోసారి కొంచెం మాత్రమే సడలి, అంతే చుట్టుకునే స్ప్రింగు బలం ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది. పాండ్ కంపెనీ గడియారాలు కచ్చితమైన సమయానికి పేరు తెచ్చుకోవడానికి టెలిగ్రాఫ్ తీగ ఎంత కారణమో ఇదీ అంతే కారణం. అంటే ఈ యంత్రంలో కచ్చితత్వం వచ్చింది ఎక్కువ బలం వల్ల కాదు, ఒకే తీరుగా అందే తక్కువ బలం వల్ల. దాన్ని రూపొందించినవాళ్ళు అదనపు బలాన్ని కావాలనే తీసేశారు. అందుకే పాత నూనె గట్టిపడితే, ఇరుసు దూరే రంధ్రంలో మురికి పేరుకుంటే, ముల్లు ఇంకో ముల్లుకు తగిలితే, ఆ కొద్దిపాటి అడ్డుకే గడియారం ఆగిపోతుంది. దానిలో మొండితనం లేదు, ఆగిపోవడంలోనే అది లోపాన్ని చెబుతోంది.

ఎంత తక్కువ బలమో లెక్కవేసి చూడవచ్చు. ఈ గడియారాలకు వాడింది నంబర్ 6 అనే డ్రై సెల్లులు, ఒక్కోటి 1.5 వోల్టులు, రెండింటిని వరసగా కలిపితే 3 వోల్టులు. నేషనల్ కార్బన్ కంపెనీ 1896లో కొలంబియా పేరుతో మార్కెట్లోకి తెచ్చిన ఆరంగుళాల ఎత్తు సెల్లు ఈ రకానికి ఆద్యం. టెలిఫోన్లకూ ఇదే వాడేవారు. కీ చుట్టుకోవడానికి పది సెకన్లు పడుతుందనీ, అప్పుడు పావు ఆంపియర్ కరెంటు లాగుతుందనీ అనుకోండి. మీ గడియారానికి అసలు అంకెలు ఎంతో మల్టీమీటర్‌తోనూ సెకన్ల ముల్లుతోనూ మీరే కొలుచుకోండి, పద్ధతి ఒకటే. రోజుకు 24 సార్లు, ఏడాదికి 8,760 సార్లు. మొత్తం 87,600 సెకన్లు, అంటే 24 గంటల 20 నిమిషాలు. ఏడాది పొడుగునా నడిచే గడియారంలో మోటారు పనిచేసే సమయం సుమారు ఒక్క రోజు! వాడే విద్యుత్తు ఆరు ఆంపియర్-గంటల పైచిలుకు. మంచి ఆల్కలైన్ డి సైజు సెల్లులో ఇంతకు రెట్టింపు దాకా ఉంటుంది. ఈ అంకెలు చూశాక ఆగిపోయిన గడియారానికి 6 వోల్టులో 9 వోల్టులో ఇచ్చి చూద్దాం అనే ఆలోచన ఎంత అనవసరమో తెలుస్తుంది. వోల్టేజీ రెట్టింపు చేస్తే కాయిల్‌లో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. నూలు, పట్టు దారం చుట్టిన పాత తీగల మీద ఆ వేడి పడితే పోయేది మళ్ళీ దొరకదు. ఇంతా చేసి, జిగురైన నూనె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కీ చుట్టుకోవడం వేగంగా జరుగుతుందేమో గానీ చక్రాలను నడిపే స్ప్రింగు బలం ఒక్క పిసరు కూడా పెరగదు.

ఇక్కడ అనుభవం ఉన్నవాళ్ళు ఒక మాట అడ్డుపెడతారు, అది న్యాయమైనదే. ఎక్కువ బలం వల్ల నష్టం ఉన్నట్టే తక్కువ బలం వల్లా నష్టం ఉంది కదా అంటారు. ఉంది, కొన్నిసార్లు అదే పెద్ద నష్టం. పాత అమెరికన్ కార్లలోని గడియారాలు ఇందుకు మంచి సాక్ష్యం. అవీ తమకు తామే కీ ఇచ్చుకునేవే. కొద్ది నిమిషాలకోసారి కాంటాక్టు కలవగానే అయస్కాంతం ఒక చేతిని విసిరికొట్టి స్ప్రింగును బిగిస్తుంది, ఆ విసురుతోనే కాంటాక్టు విడిపోతుంది. కారు బ్యాటరీ బాగా నీరసించిపోయినప్పుడు చేతిని విసిరే శక్తి చాలదు. కాంటాక్టు విడిపోకుండా అలాగే ఉండిపోతుంది, కరెంటు ఆగకుండా పారుతుంది, మొనలు కాలిపోతాయి, కాయిల్ మాడిపోతుంది. ఎన్నో కారు గడియారాలు అలాగే చచ్చిపోయాయి. గోడ గడియారంలోనూ నీరసించిన సెల్లులు మోటారును సగంలో ఆపేస్తే స్విచ్చు మూసుకునే ఉంటుంది, మిగిలిన శక్తి కూడా కాయిల్‌ను వేడిచేయడానికే పోతుంది. కాబట్టి నేను చెప్పేది తక్కువ ఇవ్వమని కాదు. రూపొందించినవాళ్ళు ఎంత అడిగారో అంతే ఇవ్వమని. అది ఎంతో ఊహించి చెప్పకూడదు, కొలిచి చెప్పాలి. సెల్లు విడిగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు చూపించినంత మాత్రాన సరిపోదు. మోటారు తిరుగుతున్న ఆ పది సెకన్లలో గడియారం దగ్గర ఎంత ఉందో చూడాలి. అప్పుడు 3 వోల్టులకు దగ్గరగా ఉంటే విద్యుత్తు విషయం అక్కడితో ముగిసినట్టే, మన చూపు చక్రాల వైపు తిరగాలి. బాగా పడిపోతే సెల్లులో, తుప్పుపట్టిన బిగింపులో, సన్నని తీగలో ఏది దోషమో ఒక్కొక్కటిగా తేల్చాలి.

ఈ కొలిచే అలవాటే ఈ అధ్యాయంలో మీ జీవితంలోకి నేరుగా తీసుకెళ్ళగలిగేది. ఒక మనిషి పనిలో వెనకబడితే, అది శక్తి అందకపోవడమా, అందిన శక్తి ఎక్కడో రాపిడికి పోతోందా అన్నది రెండు వేరువేరు ప్రశ్నలు. రెండింటికీ బయటికి కనిపించే లక్షణం ఒకటే, ఆగిపోవడం. లక్షణం ఒకటైనంత మాత్రాన మందు ఒకటి కాదు. నిద్ర చాలనివాడికి కొత్త టైంటేబుల్ పనికిరాదు. సంధి, సమాసం అర్థంకాక పద్యం దగ్గర ఆగిపోయిన పిల్లకు అదనపు గంటలు పనికిరావు. మనుషుల విషయంలో తప్పు చికిత్స ఫలితం ఏళ్ళు గడిస్తే గానీ తెలియదు, అప్పటికి కారణం మరుగునపడుతుంది. గడియారం దగ్గర గంటలోనే తెలుస్తుంది. సాధన చేయడానికి గడియారాన్ని ఎంచుకోమనడానికి కారణం అదే.

బాగుచేయడం మొదలుపెట్టేవాళ్ళు మొట్టమొదట చేయాల్సింది ఏమీ విప్పకుండా చూడడం. అన్ని వైపులనుంచీ ఫోటోలు తీసి, ఒక్కో తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసుకుని, తీగలకు చీటీలు కట్టాలి. బ్యాటరీ తగిలించకముందే మల్టీమీటర్‌తో కాయిల్ తెగిందో లేదో చూడాలి. మోటారుకు రెండు కాయిళ్ళుంటే రెండింటి నిరోధం ఇంచుమించు ఒకేలా ఉండాలి. కాయిల్‌కూ ఇత్తడి పలకకూ మధ్య విద్యుత్ సంబంధం ఉండాల్సిన చోట ఉందా, ఉండకూడని చోట లేదా అన్నది ఆ తర్వాతి పరీక్ష. కాంటాక్టు మొనలు పలక గుండా పోయే చోట గట్టి రబ్బరుతోనో ఫైబరుతోనో చేసిన చిన్న వాషర్లు ఉంటాయి. ఎవరైనా ఇదివరకు విప్పి బిగించినప్పుడు ఒక్క వాషర్ మరిచిపోయినా కరెంటంతా పలకలోకి పోతుంది, మోటారు కదలదు, సెల్లులు ఒక్కరోజులో ఖాళీ అవుతాయి. చూడ్డానికి ఇది బ్యాటరీ చాలని గడియారంలాగే ఉంటుంది, ఎన్ని కొత్త సెల్లులు వేసినా అంతే.

చక్రాల పని జాగ్రత్తగా చేయాలి. స్ప్రింగు చిన్నదే అయినా పలకలు విడదీసేముందు అందులోని బలాన్ని మెల్లగా సడలించి తీరాలి. లేకపోతే చక్రాల పళ్ళు విరుగుతాయి, వేళ్ళకూ దెబ్బే. గడియారాలు కడిగే అమ్మోనియా ద్రావణంలో ఇత్తడి చక్రాలను ముంచవచ్చు గానీ కాయిళ్ళను, కాంటాక్టులు ఉన్న భాగాలను, లక్క పూత ఉన్నవాటిని ముంచకూడదు. వాటిని ముందే విడదీసి పక్కన పెట్టాలి. ఇరుసు రంధ్రాలను మెత్తని పుల్లతో, పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా, శుభ్రం చేయాలి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయి ఉంటే కొత్త ఇత్తడి గొట్టం వేయించాలి. అది మొదటిసారి చేసేవాళ్ళ పని కాదు, గడియారాల పని తెలిసినవారికి అప్పగించడమే మంచిది. ఇక నూనె. గడియారాలకు ప్రత్యేకంగా అమ్మే నూనె ఒక్కో ఇరుసుకూ ఒక్క చిన్న చుక్క చాలు. పళ్ళకు నూనె పెట్టకూడదు, పెడితే దుమ్ము పట్టి అరగదీస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టడం అన్నిటికన్నా హానికరం. వారం పాటు గడియారం చక్కగా నడుస్తుంది, తర్వాత ఆ పలచటి ద్రవం ఆరిపోయి, కరిగిన పాత మురికిని ప్రతి ఇరుసులోకీ చేరవేసి, ముందున్న దానికన్నా గట్టి అడ్డును మిగులుస్తుంది. కష్టపడకుండా దొరికిన ఆ వారం రోజుల విజయాన్ని నమ్మి చాలామంది పెద్ద మరమ్మతు తెచ్చుకుంటారు.

కాంటాక్టు మొనల విషయంలోనూ అంతే. వాటి చివర ఉండేది విలువైన లోహం, పలుచగా ఉంటుంది. నల్లబడ్డాయని గరుకు కాగితంతో రుద్దితే ఉన్న కాస్తా పోతుంది, గీతలు పడిన చోట నిప్పురవ్వ మరింత ఎక్కువగా పుడుతుంది. మొనల మధ్య శుభ్రమైన మందపాటి కాగితం ముక్క పెట్టి, వాటిని మెల్లగా మూసి, కాగితాన్ని లాగితే చాలావరకు మురికి వచ్చేస్తుంది. వాటిమీద నూనె పడనివ్వకూడదు. అసలు ఈ మొనలు కాలడానికి కారణం కాయిల్. కరెంటు తెగిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత బలం కూలిపోతూ, 3 వోల్టుల సర్క్యూట్‌లోనే ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజీ పుట్టిస్తుంది; ఆ సమయానికి ముట్టుకున్న వేలికి చురుక్కుమంటుంది. నేటి ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళు వెంటనే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ వేయమంటారు. నిప్పురవ్వ ఆగుతుంది, నిజమే. కానీ డయోడ్ అయస్కాంతాన్ని నిదానంగా వదలనిస్తుంది కాబట్టి కంపించే ఇనుప ముక్క వేగం తగ్గవచ్చు, కొన్ని గడియారాల్లో కీ చుట్టుకునే సమయం పెరగవచ్చు. పాత బ్రిటిష్ ఎలక్ట్రిక్ గడియారాల్లో అప్పటివాళ్ళే వేసిన మార్గం నాకు మేలనిపిస్తుంది. కాయిల్ రెండు కొసల మధ్య ఒక నిరోధకం. కాయిల్ నిరోధానికి పది రెట్లు ఉన్న నిరోధకం పెడితే, వృథా అయ్యే కరెంటు పదో వంతు, అదీ కీ చుట్టుకునే కొద్ది సెకన్లే. తెగినప్పుడు పుట్టే వోల్టేజీ సుమారు 30 వోల్టుల దగ్గర ఆగుతుంది. పాత తీగలకు టంకం పెట్టకుండా స్క్రూల కింద బిగిస్తే రేపు ఎవరైనా తీసేయాలనుకున్నా ఆనవాలు మిగలదు.

కరెంటు ఎక్కడినుంచి ఇవ్వాలన్నది ఎక్కువ వాదన జరిగే విషయం. నా తీర్పు ఇది: పెట్టెలో రెండు డి సైజు ఆల్కలైన్ సెల్లులు, మంచి హోల్డర్‌లో, వరసగా కలిపి పెట్టండి. పాత నంబర్ 6 సెల్లు ఆకారంలో లోపల డి సెల్లులు పట్టే డొల్ల డబ్బాలు కూడా దొరుకుతాయి, పెట్టె తెరిచినప్పుడు పాత రూపం కావాలనుకునేవారికి అవి బావుంటాయి. జింకు-కార్బన్ సెల్లులు చవకే గానీ కారి పెట్టెను పాడుచేస్తాయి. ఆల్కలైన్ సెల్లులు కూడా ఖాళీ అయ్యాక కారుతాయి కాబట్టి ఏడాదికోసారి మార్చేయడం మంచిది. మళ్ళీ చార్జి చేసుకునే నికెల్ సెల్లులు ఒక్కోటి 1.2 వోల్టులే, రెండు కలిపితే 2.4, అది చాలా గడియారాలకు అంచు మీద నిలబడినట్టు. లిథియం సెల్లు ఒక్కటే 3.7 వోల్టులు, పైగా పొరపాటున షార్టయితే చెక్కపెట్టెలో నిప్పు పుట్టించగలదు. రక్షణ సర్క్యూట్ లేకుండా దాన్ని ఇందులోకి రానివ్వకూడదు.

అడాప్టర్ పెడితే సెల్లులు మార్చే బాధే ఉండదు కదా అంటారు. పెట్టవచ్చు, రెండు షరతులతో. వోల్టేజీని స్థిరంగా పట్టి ఉంచే 3 వోల్టుల డీసీ అడాప్టర్ కావాలి; పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం అడాప్టర్లు మీద 3 అని రాసి ఉన్నా ఖాళీగా ఉన్నప్పుడు అంతకన్నా బాగా ఎక్కువ ఇస్తాయి. రెండోది, మోటారు తిరిగేటప్పుడు లాగే కరెంటును అది తేలిగ్గా ఇవ్వగలగాలి. కరెంటు పోతే ఏమవుతుందన్న భయం మన ఊళ్ళలో సహజం. గంటలో కొద్ది సెకన్లు తప్ప దీనికి కరెంటు అక్కర్లేదు కనుక మధ్యలో వచ్చే కోతలు దానికి తెలియవు. కీ చుట్టుకునే సమయానికి కరెంటు లేకపోతే స్విచ్చు మూసుకుని ఎదురుచూస్తుంది, స్ప్రింగులో మిగిలిన బలం ఉన్నంతసేపు గడియారం నడుస్తుంది, కరెంటు రాగానే చుట్టుకుంటుంది. అయినా నేను సెల్లులవైపే మొగ్గుతాను. సెల్లు తన శక్తికి మించి ఇవ్వలేదు, అడాప్టర్‌లో లోపం వస్తే ఎంత ఇస్తుందో చెప్పలేం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడి పాత సామాన్ల అమ్మకాల్లో కొన్న గడియారాన్ని హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకోవాలనుకుంటే ఒక తేడా తప్పక తెలియాలి. పాండ్ కంపెనీ రకం గడియారానికి ఏ దేశమైనా ఒకటే, దాని సమయం లోలకానిది, దాని 3 వోల్టులు పెట్టెలోనివి. కానీ హెన్రీ వారెన్ 1916లో బోస్టన్ విద్యుత్ కేంద్రంతో జోడించి చూపిన పద్ధతిలో వచ్చిన టెలిక్రాన్ వంటి గడియారాలు వేరే జాతి. వాటి మోటారు గోడలోని కరెంటు పౌనఃపున్యాన్నే లెక్కపెడుతుంది. అమెరికాలో 60 హెర్ట్జ్, ఇక్కడ 50. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది, ఎంత శుభ్రం చేసినా అంతే. బయటికి రెండూ పాత ఎలక్ట్రిక్ గోడ గడియారాలే. వెనకనుంచి ప్లగ్గుతో ఉన్న తీగ వస్తోందా, లోపల సెల్లుల చోటు ఉందా అన్నది కొనేముందే చూసుకోవాలి.

ఇంతా ఎందుకు, లోపలి యంత్రం తీసేసి చిన్న క్వార్ట్జ్ యంత్రం పెడితే నెలకు కొద్ది సెకన్ల తేడాతో నడుస్తుంది కదా అన్నది చివరి అభ్యంతరం. సమయం మాత్రమే కావాలంటే ఆ మాట నిజం, ఇంకా నిజం చెప్పాలంటే దానికి గడియారమే అక్కర్లేదు, ఫోన్ చాలు. కానీ ఆ మార్పుతో పోయేవి ముళ్ళ వెనక ఉన్న చక్రాలూ కాయిళ్ళూ, అంటే ఆ గడియారాన్ని ఆ గడియారంగా చేసినవి. ముళ్ళను కొత్త ఇరుసుకు సరిపెట్టాలంటే వాటి కేంద్రాన్ని కోయాలి. ఒకసారి కోశాక వెనక్కి రావడం లేదు. రేపు ఎవరైనా వెనక్కి తిప్పగలిగే మార్పు చేస్తే అభ్యంతరం లేదు, తిప్పలేనిది చేసే అధికారం మనకు లేదు అన్నది నేను గట్టిగా నమ్మే గీత. ముళ్ళను సరిదిద్దే వెస్టర్న్ యూనియన్ సంకేతం అందుకోవడానికి విడిగా ఉన్న కాయిల్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ సేవ ఎప్పుడో ఆగిపోయింది, దానికి ఇప్పుడు పని లేదు. అయినా తీసి పారేయకూడదు. దాని తీగలను మెయిన్ బ్యాటరీకి కలపనూ కూడదు. అది క్షణకాలం వచ్చే సంకేతం కోసం చేసిన కాయిల్, నిరంతరంగా కరెంటు పంపితే వేడెక్కి కాలిపోతుంది. కొసలకు టేపు చుట్టి, చీటీ కట్టి, ఉన్నచోటే ఉంచేయాలి.

అన్నీ బిగించాక మిగిలేది సమయం సరిదిద్దడం. పెట్టెను గోడకు గట్టిగా బిగించి, టిక్కుకూ టక్కుకూ మధ్య వ్యవధి సమానంగా వినపడేదాకా పెట్టెను కొద్దికొద్దిగా జరపాలి. కుంటుతున్న శబ్దంతో వదిలేస్తే గడియారం ఆగుతుంది, మళ్ళీ మనకు అనుమానం బ్యాటరీ మీదకే పోతుంది. తర్వాత లోలకం కింది మర. సెకనుకోసారి ఊగే లోలకం పొడవు సుమారు 994 మిల్లీమీటర్లు. రోజుకు ఒక్క సెకను మార్చాలంటే ఆ పొడవులో మారాల్సింది మిల్లీమీటరులో నలభయ్యో వంతుకన్నా తక్కువ. కాబట్టి మరను పూర్తి చుట్టు కాదు, అందులో చిన్న భాగం తిప్పి, మూడు నాలుగు రోజులు ఆగి, తేడాను రాసుకుని, అప్పుడే మళ్ళీ ముట్టుకోవాలి. గంటగంటకూ తిప్పేవాళ్ళకు ఏ మార్పు ఏ ఫలితాన్నిచ్చిందో ఎప్పటికీ తెలియదు. అదే రోజుల్లో నూనె మార్చడం, సెల్లులు మార్చడం కూడా చేయవద్దు, ఒకసారికి ఒక్కటే మార్పు. చివరగా పెట్టె లోపల ఒక గట్టి అట్టముక్క మీద నాలుగు సంగతులు రాసి పెట్టండి: ఈ గడియారానికి 3 వోల్టులు మాత్రమే, సెల్లులు వేసిన తేదీ, కీ చుట్టుకోవడానికి పట్టిన సెకన్లు, మీరు కొత్తగా చేర్చిన భాగాలు. పది సెకన్లు పట్టే చోట ఒకనాడు ఇరవై పడుతుంటే, వోల్టేజీ పెంచకుండా ముందుగా ఎక్కడ చూడాలో మీ తర్వాత దాన్ని తెరిచేవారికి ఆ అట్టముక్కే చెబుతుంది.